పాసుబుక్కు ఎవరి పేరు మీద? లారిన్ హిల్ ఆల్బమ్ గురించి కొన్ని మాటలు

(స్త్రీల శ్రమ – గుర్తింపు అనే అంశంపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుట్నుంచీ అంగన్‌వాడీ కార్యకర్తల గురించీ, ఆశా వర్కర్ల గురించీ, చేసిన పనికి 'గౌరవం' అని పేరుపెట్టి జీతం ఎగ్గొట్టడం గురించీ మాట్లాడుకున్నాం. ఇప్పుడు నేను ఒక అమెరికన్ ర్యాప్ ఆల్బమ్ గురించి మాట్లాడతానంటే ముందు వరుసలో ఒకరిద్దరు నవ్వారు. ఫరవాలేదు. నేను కూడా ఈ విషయానికి చుట్టు తిరిగే వచ్చాను.

ఎం.ఏ. చదివే రోజుల్లో హాస్టల్లో ఒక సీనియర్ నాకో కాసెట్ ఇచ్చింది. ఎవరి దగ్గరో కాపీ చేసుకున్నది. పైన బాల్‌పెన్నుతో 'లారిన్' అని మాత్రమే ఉంది. వాయించినవాళ్లెవరో, రికార్డు చేసినవాళ్లెవరో చెప్పే అట్ట లేదు. నేనేమో ఒక్క ఆడపిల్ల ఇదంతా చేసిందని పొంగిపోయాను. సగం మాటలు అర్థం కాకపోయినా ఆ గొంతులో ఒక నిబ్బరం ఉండేది. 1998 ఆగస్టు 25న విడుదలైన 'ది మిస్ఎడ్యుకేషన్ ఆఫ్ లారిన్ హిల్' అది. అప్పటికి ఆమె వయసు 23.

హిప్‌హాప్‌ను మగవాళ్ల సంగీతమనే అంటారు. దాని చరిత్ర కూడా అలాగే రాశారు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో ఒక అపార్ట్‌మెంటు భవనంలో జరిగిన పార్టీతో అది పుట్టిందని చెప్తారు. రికార్డులు వాయించింది డీజే కూల్ హెర్క్. పుట్టించినవాడిగా పేరు అతనిది. కానీ ఆ పార్టీ పెట్టింది అతని చెల్లెలు సిండీ క్యాంప్‌బెల్. బడి తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బులు కావాలని హాలు తీసుకుని, టికెట్ పెట్టింది ఆమే. ర్యాప్‌ను మొదటిసారి దేశమంతా వినిపించిన 1979 నాటి 'రాపర్స్ డిలైట్' రికార్డు వెనుక ఉన్నది కూడా సిల్వియా రాబిన్సన్ అనే స్త్రీ. ఇలాంటివి చరిత్రలో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. మనకు కొత్తేమీ కాదు.

లారిన్ న్యూజెర్సీలోని సౌత్ ఆరెంజ్‌లో పెరిగింది. తల్లి ఇంగ్లీషు టీచరు. ఇద్దరు మగవాళ్లతో కలిసి 'ఫ్యూజీస్' బృందంలో పాడేది. 1996లో వచ్చిన వాళ్ల 'ది స్కోర్' ఆల్బమ్ విపరీతంగా అమ్ముడుపోయింది. దాన్ని మోసింది చాలావరకు ఆమె గొంతే. అయినా బృందానికి బుర్ర వైక్లెఫ్ జీన్ అనీ, ఈమె బాగా పాడే అమ్మాయి అనీ అనుకునేవాళ్లు చాలామంది. పాడటం ప్రకృతి ఇచ్చిన వరం, కూర్చడం మేధస్సు. ఈ విభజన మనకు బాగా తెలిసిందే. అందుకే సొంత ఆల్బమ్ మొదలుపెట్టినప్పుడు, నిర్మాణం వేరే పేరున్న మగవాళ్లకు అప్పగించకుండా తనే చేస్తానని పట్టుబట్టింది.

1997 ఆగస్టులో ఆమెకు మొదటి బిడ్డ పుట్టాడు. బిడ్డ సంగతి తర్వాత, ముందు కెరీర్ చూసుకో అని చుట్టూ ఉన్నవాళ్లు చెప్పారు. ఆ సంగతే ఒక పాటయింది, బిడ్డ పేరుతోనే. ఆ పాట గర్భస్రావానికి వ్యతిరేకమా అని నన్ను అడిగినవాళ్లున్నారు. నాకలా అనిపించదు. 1973లో అలబామాలో రెల్ఫ్ అక్కచెల్లెళ్లకు, ఇంకా 12, 14 ఏళ్ల పిల్లలకు, సమ్మతి లేకుండా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన దేశం అది. వద్దనుకునే హక్కు ఎంత ముఖ్యమో కనే హక్కూ అంతే ముఖ్యమని 1994లో అక్కడి నల్లజాతి స్త్రీలు గట్టిగా అన్నారు. కుటుంబ నియంత్రణ క్యాంపుల్లో టార్గెట్లు చూసిన మనకు ఇది వివరించి చెప్పనక్కరలేదు.

రికార్డింగు 1997 చివర్లో మొదలై 1998 వేసవి దాకా సాగింది. కొంత న్యూయార్క్‌లో, కొంత జమైకాలోని కింగ్‌స్టన్‌లో, బాబ్ మార్లే స్థాపించిన టఫ్ గాంగ్ స్టూడియోలో. 1998 నవంబరులో రెండో బిడ్డ. లెక్క వేసుకోండి. చంటిబిడ్డ ఒళ్లో, ఇంకో బిడ్డ కడుపులో ఉండగా తయారైన ఆల్బమ్ ఇది. కంప్యూటర్ చప్పుళ్లు కాక మనుషులు వాయించిన వాద్యాలు వినబడాలని ఆమె కోరిక. ఒక పాటలో పియానో వాయించిన కాలేజీ కుర్రాడు తర్వాత జాన్ లెజెండ్‌గా ప్రసిద్ధుడయ్యాడు.

పేరు కార్టర్ జి. వుడ్సన్ 1933లో నల్లజాతి వాళ్ల చదువు గురించి రాసిన పుస్తకం పేరును గుర్తుచేస్తుంది. పాటల మధ్యలో ఒక తరగతి గది వస్తుంది. టీచరు హాజరు పిలుస్తాడు. లారిన్ పేరు వచ్చేసరికి జవాబు లేదు. తర్వాత పిల్లలు ప్రేమంటే ఏమిటో వాదించుకుంటారు. టీచరుగా మాట్లాడిన రాస్ బరాకా 2014లో నెవార్క్ మేయరయ్యాడు.

నాకు నచ్చనిదీ చెప్పాలి. అన్నిటికంటే పెద్ద హిట్టయిన పాటలో ఆమె మగవాళ్లనీ హెచ్చరిస్తుంది, ఆడవాళ్లనీ హెచ్చరిస్తుంది. కానీ ఆడపిల్లల అతికించుకున్న జుట్టు గురించీ గోళ్ల గురించీ అనే మాటల్లో మన పెద్దమ్మల గొంతు వినిపిస్తుంది. 'హిప్‌హాప్ ఫెమినిజం' అనే మాటను ప్రచారంలోకి తెచ్చిన జోన్ మోర్గన్ 2018లో ఈ ఆల్బమ్ మీద ఒక పుస్తకమే రాసింది. ఇష్టం, విమర్శ రెండూ ఒకేచోట ఉండొచ్చని ఆమె దగ్గర నేర్చుకున్నాను.

మొదటి వారంలోనే 4 లక్షల 20 వేలకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. 1999 ఫిబ్రవరిలో ఒకే రాత్రి 5 గ్రామీలు. ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ బహుమతి ఒక హిప్‌హాప్ ఆల్బమ్‌కు రావడం అదే మొదటిసారి.

అయితే అప్పటికే కేసు నడుస్తోంది. 'న్యూ ఆర్క్' అనే పేరుతో ఆమెతో కలిసి పనిచేసిన నలుగురు యువకులు, చాలా పాటల రచనలో, నిర్మాణంలో తమ పాలు ఉందని 1998 నవంబరులో కోర్టుకెళ్లారు. రెండో బిడ్డ పుట్టిన నెల కూడా అదే. ఆల్బమ్ మీద రచన, కూర్పు, నిర్మాణం ఆమె పేరనే ఉంది. వీళ్ల పేర్లు కొన్ని పాటల కింద 'అదనపు' సహకారంగా ఉన్నాయి. ఇది కీర్తి ఒక్కటే కాదు. పాట రాసినవాళ్లకు ఒక రాయల్టీ, నిర్మించినవాళ్లకు ఇంకొకటి. పేరు లేకపోతే కూలీ లేదు. ముందుగా రాతపూర్వక ఒప్పందం లేకపోవడమే గొడవకు మూలమని అప్పటి పత్రికలు రాశాయి. 2001 ఫిబ్రవరిలో కోర్టు బయట రాజీ కుదిరింది. 50 లక్షల డాలర్లు ఇచ్చారని వార్తలొచ్చాయి.

ఈ సంగతి తెలిసినప్పుడు నాకు ముందు కోపం వచ్చింది, ఆ నలుగురి మీద. ఆడదాని పని కాబట్టి వెనకాల మగవాళ్లుండాలని లోకం అనుకోవడం మామూలే. నలభైమందిని పెట్టుకుని పనిచేసే మగ నిర్మాతను 'నువ్వే చేశావా' అని ఎవరూ అడగరు. ఆ మాట ఇప్పటికీ నిజమే. కానీ ఆ నలుగురూ పెద్ద కంపెనీ మనుషులు కారు. ఆమె ఊరి చుట్టుపక్కల నుంచి వచ్చిన, పేరులేని నల్లజాతి కుర్రాళ్లు. స్టూడియోలో ఒకరు లయ కడతారు, ఒకరు తీగ మీద వరస అందిస్తారు, ఒకరు మాట అందిస్తారు. సాయంత్రానికి ఏది ఎవరిదో చెప్పడం కష్టం. పేరు వేయడం మాత్రం కష్టం కాదు. తన పేరు కోసం అంత పోరాడిన మనిషి చేతిలో పక్కవాళ్ల పేర్లు చిన్నవెలా అయ్యాయి? పోరాడాల్సి రావడం వల్లేనా? ఇంకొకరి పేరు పక్కన రాస్తే మొత్తం వాళ్లదే అంటారనే భయం ఆమెకు ఊరికే రాలేదు. ఆ భయం ఎక్కడ నుంచి వచ్చిందో నాకు తెలుసు. అయినా దాన్ని సమాధానంగా ఒప్పుకోలేను.

ఆమె రెండో స్టూడియో ఆల్బమ్ రాలేదు. 2002లో ఒక ప్రదర్శన రికార్డింగు వచ్చింది, అంతే. పన్నుల వివరాలు దాఖలు చేయనందుకు 2013లో మూడు నెలలు జైల్లో ఉంది. ఆల్బమ్ మాత్రం పెరుగుతూనే ఉంది. 2021లో అమెరికాలో కోటి కాపీల గుర్తింపు, 2024లో ఆపిల్ మ్యూజిక్ వంద ఆల్బమ్‌ల జాబితాలో మొదటి స్థానం.

ఇప్పుడు నా సంగతి. పీహెచ్‌డీ కోసం 2003లో నిజామాబాద్ జిల్లాలో బీడీ కార్మికుల మధ్య తిరిగాను. నా వెంట ఒకామె ఇల్లిల్లూ తిరిగింది. తనూ బీడీలు చుట్టేది. నా ప్రశ్నాపత్రం చూసి, "ఇవి గాదు మేడం, పాసుబుక్కు ఎవరి పేరు మీద ఉన్నది, చుట్టేటి చేతులు ఎందరివి, అది అడుగుండ్రి" అంది. నిజమే. ఒకరి పేరు మీద పుస్తకం, చుట్టేది తల్లీ కూతురూ కోడలూ. పుస్తకంలో లేనివాళ్లకు పీఎఫ్ లేదు, ఏదీ లేదు. ఆ ప్రశ్నతో నా పరిశోధన నిలబడింది. మూడో అధ్యాయం మొత్తం అదే. నాకు డాక్టరేట్ వచ్చింది.

పుస్తకం అచ్చయ్యాక ఒక కాపీ తీసుకెళ్లి ఇచ్చాను. ఆమె అట్ట తిప్పి చూసి, కూతురి చేతికిచ్చి, "ఇండ్ల నా పేరు ఏడున్నది చూడు బిడ్డా" అంది. పిల్ల పేజీలు తిప్పుతూ చాలాసేపు వెతికింది. కృతజ్ఞతల్లో ఉంది. పదకొండో పేరు. మా గైడు గారి తర్వాత, లైబ్రరీ సిబ్బంది తర్వాత, టైపు చేసినతని తర్వాత.

ఆమె ఏమీ అనలేదు. చాయ్ పెట్టింది. రెండో ముద్రణలో సరిచేద్దామనుకున్నాను. ఆ పుస్తకానికి రెండో ముద్రణ రాలేదు.