సరిహద్దు దాటిన సారథి పత్రము

బ్రిటను 2020 జనవరి 31న ఐరోపా సమాఖ్యను వీడెను; పాత యేర్పాటులు ఆ డిసెంబరు 31 వఱకు సాగినవి. అచ్చట లారీ, బస్సు నడుపువారికి లైసెన్సుతోపాటు వృత్తియోగ్యతాపత్రము కూడ నుండవలయును. అయిదేండ్లలో 35 గంటల శిక్షణ పొందిననే యది నిలుచును.

గడువు తీఱఁగానే, సమాఖ్యదేశముల కంపెనీలలో కొలువున్నవారికి బ్రిటిషు పత్రము చెల్లకపోయెను. ముందుగనే అచ్చటి పత్రముగ మార్చుకొనుఁడని ప్రభుత్వము హెచ్చరించినది. మార్చుకొననివాఁడు ముప్పదియేండ్లు లారీ తోలినవాఁడైనను కొలువునకు తగఁడు! బ్రిటిషు కంపెనీ లారీతో సముద్రము దాటువానికి మాత్రము ఆ పత్రమే చాలును. చేయి యొక్కటే, చక్రమొక్కటే. యజమానినిబట్టి యోగ్యత మాఱుట నాకు తర్కసహముగఁ దోఁపదు.

మన యింటి సంగతి చూడుఁడు. 2014 జూన్ 2న రాష్ట్రము రెండయ్యెను. లైసెన్సు 1988 నాటి కేంద్రశాసనమునకు లోఁబడినది గనుక, హైదరాబాదున పొందినది విజయవాడలో చెల్లుచునేయున్నది.