చిన్న పడవ, పెద్ద తుఫాను: సినిమా ఎంత, నిజం ఎంత?

ఈ ఎపిసోడ్ ఒక కామెంట్ నుంచి పుట్టింది. నరసరావుపేట నుంచి ఒక తమ్ముడు రాశాడు: "అన్నా, చిన్న తెరచాప పడవేసుకుని ఒక్కళ్ళే సముద్రాలు దాటేవాళ్ళ రీల్స్ చూస్తున్నా. నిజంగా తుఫాను వస్తే వీళ్ళు బతుకుతారా? లేక అదంతా వ్యూస్ కోసమా?" దాని కింద ఇంకో అన్న రిప్లై: "మనకి సముద్రం ఎక్కడుంది బ్రో, మనకెందుకు?"

ముందు రెండో ఆయన సంగతి చూద్దాం. పల్నాడు జిల్లాకి తీరం లేదు, కరెక్టే. కానీ పేటలో బండి తీస్తే రెండు గంటల్లో సూర్యలంకలో ఉంటాం. 2022లో జిల్లాలు విడిపోకముందు సూర్యలంక, నిజాంపట్నం, మన మాచర్ల అన్నీ ఒకే గుంటూరు జిల్లా. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను తీరం దాటింది ఎక్కడ? బాపట్ల దగ్గర. ఆ రోజు మనం తలుపులేసుకుని ఇంట్లో కూర్చుని ఫోన్లో విండీ మ్యాప్ చూశాం. సంద్రం మీద బతికేవాళ్ళకి అది మ్యాప్ కాదు. కాబట్టి, మనకెందుకు అంటే, మనకే.

ఇప్పుడు అసలు ప్రశ్న. తుఫానులో చిన్న పడవ బతుకుతుందా? దీనికి అవును, కాదు అని చెప్పేస్తే వీడియో పది సెకన్లలో అయిపోతుంది. "చిన్న పడవ" అనే మాటలోనే తేడా ఉంది. రీల్స్‌లో కనిపించేది కీల్ ఉన్న తెరచాప పడవ. కీల్ అంటే పడవ అడుగున చేప రెక్కలా కిందికి దిగిన బరువు, సీసమో ఇనుమో. తంజావూరు బొమ్మ తెలుసు కదా? ఎటు తోసినా లేచి నిలబడుద్ది. అదే లాజిక్. పడవ పూర్తిగా తిరగబడినా ఆ బరువు మళ్ళీ నిలబెడుద్ది. పైన డెక్ మూసి ఉంటది కాబట్టి లోపలికి నీళ్ళు పెద్దగా రావు.

నిజాంపట్నంలో వేటకెళ్ళే ఫైబర్ బోటు అలాంటిది కాదు. పైన ఓపెన్, వెనక ఇంజిను, అడుగున బరువు లేదు. అది తిరగబడితే తిరగబడినట్టే. సైజు రెండూ ఒకటే ఉండొచ్చు, ముప్పై అడుగులు. కానీ తుఫాను దృష్టిలో అవి రెండూ వేరే వేరే జాతులు.

మొదటి జాతికి ఉదాహరణ. 2018 సెప్టెంబర్ 21. కేరళకి చెందిన నేవీ కమాండర్ అభిలాష్ టామీ, 32 అడుగుల 'తురీయ' మీద ఒంటరిగా గోల్డెన్ గ్లోబ్ రేసులో ఉన్నాడు. దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫాను పట్టుకుంది. పడవ బోల్తా కొట్టి, మళ్ళీ లేచింది. తెరచాప కొయ్య విరిగింది, ఆయన వెన్ను విరిగింది. మూడు రోజులు కదల్లేక పడవలోనే పడున్నాడు. 24న ఒసిరిస్ అనే ఫ్రెంచ్ నౌక వచ్చి తీసుకెళ్ళింది. గమనించండి, పడవ మునగలేదు. మనిషి విరిగాడు. ఆ మనిషే 2022లో మళ్ళీ అదే రేసుకి వెళ్ళి, 2023 ఏప్రిల్‌లో రెండో స్థానంలో వచ్చాడు. అది వేరే ఎపిసోడ్, ఎప్పుడో చేస్తా.

మన తెలుగమ్మాయిలు కూడా ఉన్నారండి ఈ లిస్టులో. 2017 సెప్టెంబర్ 10న గోవాలో బయల్దేరిన ఐఎన్ఎస్వీ తారిణిలో ఆరుగురు నేవీ అమ్మాయిలు. అందులో విశాఖ నుంచి పి.స్వాతి, హైదరాబాద్ నుంచి బి.ఐశ్వర్య. 254 రోజులు, ప్రపంచం చుట్టొచ్చారు. పసిఫిక్‌లో 60 నాట్స్ దాటిన గాలి, ఏడు మీటర్ల అలలు చూశారు. 60 నాట్స్ అంటే గంటకి 111 కిలోమీటర్లు. ఏడు మీటర్లంటే రెండంతస్తుల డాబా. ఆ డాబా ఎక్కడానికీ దిగడానికీ వాళ్ళ పడవ పొడవు 55 అడుగులు.

ఇక్కడ ఒక టెక్నికల్ పాయింట్, ప్లీజ్ స్కిప్ చేయకండి. సినిమాల్లో కొండంత అల చూపిస్తారు. నిజానికి అల ఎత్తు ఒక్కటే చంపదు. పొడవుగా, నెమ్మదిగా వచ్చే పెద్ద అల మీద చిన్న పడవ కార్కులాగా పైకెళ్ళి కిందికొస్తది, అంతే. ప్రమాదం ఎక్కడంటే అల నిటారుగా లేచి విరిగినప్పుడు. తెల్లగా నురగతో పైనుంచి పడుద్ది చూడండి, అది. ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ యూనివర్సిటీ వాళ్ళు కీల్ పడవల మోడల్స్‌ని ట్యాంకులో పెట్టి టెస్ట్ చేశారు. పడవ పొడవులో సుమారు 30 శాతం ఎత్తున్న విరిగే అల పక్కనుంచి కొడితే కొన్ని పడవలు పడిపోయాయి. 60 శాతం ఎత్తుకి దాదాపు అన్నీ బోల్తా. అంటే పది మీటర్ల పడవకి మూడు మీటర్ల అల చాలు. మూడు మీటర్లు! మన ఇంటి శ్లాబు ఎత్తు. దానికి తుఫాను కూడా అక్కర్లా.

ఆ టెస్టులు ఎందుకు చేశారంటే 1979 ఆగస్టులో జరిగిన ఫాస్ట్‌నెట్ రేసు వల్ల. 303 పడవలు బయల్దేరాయి, మధ్యలో తుఫాను తగిలింది, 15 మంది రేసర్లు చనిపోయారు. అందులో నన్ను ఆపేసిన లెక్క ఏందంటే, 24 పడవల్ని మనుషులు వదిలేసి వెళ్ళారు. వాటిలో మునిగినవి అయిదే. మిగతా 19 తర్వాత తేలుతూ దొరికాయి. కొందరైతే గాలి ఊదే లైఫ్ రాఫ్ట్‌లోకి దిగి, ఆ రాఫ్ట్ పోయి చనిపోయారు. వాళ్ళు వదిలిన పడవ మాత్రం బతికింది. అందుకే సెయిలర్లు ఒక రూలు చెప్తారు: రాఫ్ట్‌లోకి కిందికి దిగకూడదు, పైకి ఎక్కాలి. అంటే నీ పడవ నీ కాళ్ళ కింద మునిగిపోయేదాకా దాన్ని వదలొద్దు అని.

సో తమ్ముడూ, నీ రీల్స్ వాళ్ళు చాలావరకు బతుకుతారు. మంచి పడవ, నడుముకి తాడు, శాటిలైట్ ఫోను, ముందే చూసుకున్న ఫోర్‌కాస్టు. వాళ్ళకి తుఫాను కంటే రాత్రి పూట డెక్ మీద నుంచి జారి పడటం పెద్ద భయం.

కానీ మన తీరంలో కథ అది కాదు.

1996 నవంబర్ 6. కాకినాడకి దక్షిణంగా తీరం దాటిన తుఫాను. కోనసీమ కొబ్బరి చెట్ల గురించి మీ నాన్నని అడగండి, చెప్తాడు. వెయ్యి మందికి పైగా చనిపోయారు, ఇంకా వందల మంది ఆచూకీ లేదు. ఆ ఆచూకీ లేనివాళ్ళలో ఎక్కువమంది సంద్రం మీద వేటలో ఉన్నవాళ్ళు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ళల్లో మగవాళ్ళు వెళ్ళి తిరిగి రాలేదు. ఎందుకంటే అది చిన్న తుఫాను, చాలా స్పీడ్‌గా బలపడింది. చేతిలో ఫోను లేదు, బోటులో వైర్‌లెస్ లేదు. రేడియో విని వెనక్కి తిరిగే టైం కూడా లేదు.

టైం. ఈ వీడియోలో నేను చెప్పాలనుకున్న అసలు మాట ఇదే. మనం గాలి స్పీడు అడుగుతాం, అల ఎత్తు అడుగుతాం. వేటకెళ్ళినాయన అడగాల్సింది "నాకెన్ని గంటలున్నాయి?" అని. లెక్కేద్దాం. ఫైబర్ బోటు ఆరేడు నాట్స్‌తో పోద్ది అనుకోండి, గంటకి పన్నెండు కిలోమీటర్లు. తీరానికి 50 కిలోమీటర్ల దూరంలో ఉంటే మామూలు రోజునే నాలుగు గంటల పైన. ఎదురుగాలి, ఎదురు అల ఉంటే రెట్టింపు. ఆ ఎనిమిది గంటల్లో గాలి 40 నుంచి 80కి పోయిందనుకోండి, స్పీడు డబులైంది కానీ దాని తోపు నాలుగు రెట్లు. గాలి ఒత్తిడి స్పీడు స్క్వేర్‌తో పెరుగుద్ది. ఇంటర్ ఫిజిక్సే.

దీనికి తోడు ఇంటికొచ్చే దారిలోనే పెద్ద గండం ఉంది. అదే మొగ. నది సంద్రంలో కలిసే చోటు. అక్కడ ఇసక మేట వేసి లోతు తక్కువుంటది. లోతు తగ్గితే అల నిటారుగా లేచి విరుగుద్ది. ఇందాక చెప్పిన మూడు మీటర్ల విరిగే అల, అది నడి సంద్రంలో కాదు, హార్బర్ కనపడే దూరంలో ఎదురవుద్ది. అందుకే పెద్ద ఓడలు తుఫానొస్తే తీరం వదిలి లోపలికి పోతాయి. చిన్న బోటుకి ఆ ఛాన్స్ లేదు. లోపలుంటే ఒక ప్రమాదం, రావాలంటే ఇంకోటి.

ఇంకో విషయం, ఇది చాలామందికి తెలీదు. తుఫానుకి పేరు ఎప్పుడు పెడతారు? గాలి గంటకి 62 కిలోమీటర్లు దాటాక. దాని కింద 51 నుంచి 61 తీవ్ర వాయుగుండం, 31 నుంచి 50 వాయుగుండం. టీవీలో యాంకర్ "కేవలం వాయుగుండమే, తుఫానుగా మారే అవకాశం తక్కువ" అంటది చూడండి, ఆ "కేవలం" ఫైబర్ బోటుకి వర్తించదు. 50 కిలోమీటర్ల గాలికే వాళ్ళ పని అయిపోద్ది. పేరున్న తుఫానుల చరిత్ర చూసి ప్రమాదం అంచనా వేస్తే సగం ప్రమాదం మనకి కనపడనే కనపడదు.

హార్బర్‌లో ఎగరేసే ప్రమాద హెచ్చరికలు కూడా అంతే. 1, 2 నంబర్లు దూరంగా ఏదో తయారవుతోందని. 3, 4 ఇక్కడే వాతావరణం చెడబోతోందని. 5 నుంచి 7 ప్రమాదం, 8 నుంచి 10 పెద్ద ప్రమాదం, 11 అంటే కమ్యూనికేషనే తెగిపోయిందని. "ఒకటో నంబరేగా" అని మనం స్క్రోల్ చేస్తాం. చిన్న బోటుకి ఒకటో నంబరే అసలైన నంబరు, ఎందుకంటే అప్పుడే చేతిలో గంటలుంటాయి.

మరి ఇప్పుడు పరిస్థితి మారిందా? మారింది, చాలా. 2014 హుద్‌హుద్ వైజాగ్‌ని నేరుగా కొట్టింది, కానీ రోజుల ముందే తెలుసు, బోట్లు ఒడ్డున ఉన్నాయి. అదే 2017 నవంబర్ చివర్లో ఓఖీ కన్యాకుమారి పక్కనే తయారై ఒక్క రోజులో తుఫానైంది. అప్పటికే రోజుల క్రితం వేటకెళ్ళిన కేరళ, తమిళనాడు బోట్లకి కబురు చేర్చే దారి లేదు. వందల మంది పోయారు. అంటే ఒడ్డున ఉన్నవాడికి హెచ్చరిక అందుద్ది, లోపలున్నవాడికి అందుద్దా అనేదే ప్రశ్న. ఆ తర్వాతే శాటిలైట్ మెసేజ్ డివైజులు స్పీడందుకున్నాయి. ఇస్రో 2024లో తెచ్చిన కొత్త డిస్ట్రెస్ ట్రాన్స్‌మిటర్‌లో బటన్ నొక్కితే "నీ మెసేజ్ అందింది, వస్తున్నాం" అని తిరిగి సమాధానం కూడా వస్తది. ఆ జవాబు విలువ ఏందో అభిలాష్ టామీలాగా మూడు రోజులు పడున్నవాళ్ళకే తెలుస్తది.

మన హైదరాబాద్‌లోనే ఇన్‌కాయిస్ అని ఒక సంస్థ ఉంది, సునామీ వార్నింగ్ ఇచ్చేది వాళ్ళే. 2020 నుంచి చిన్న బోట్ల కోసం ప్రత్యేకంగా సలహా ఇస్తున్నారు. ఏడు మీటర్ల వెడల్పు లోపున్న బోట్లు ఎక్కడ తిరగబడే ఛాన్స్ ఉందో పది రోజుల ముందు నుంచి మ్యాప్‌లో చూపిస్తారు. నాకు నచ్చింది వాళ్ళ లెక్క. అల ఎత్తుతో ఆగలేదు. అల ఎంత నిటారుగా ఉంది, ఎన్ని దిక్కుల నుంచి వస్తోంది, గాలి ఎంత త్వరగా పెరుగుతోంది, ఇవన్నీ కలిపారు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినోణ్ణి కాబట్టి చెప్తున్నా, సరైన ఇన్‌పుట్ ఏదో కనిపెట్టడమే సగం ప్రోగ్రామ్.

ఇక మన సాగర్ సంగతి. సంద్రం కాదు కదా అని తీసిపారేయకండి. ఏప్రిల్, మే సాయంత్రాలు మాచర్ల వైపు ఈదురుగాలి ఎట్టా లేస్తదో మీకే తెలుసు. పావుగంటలో వస్తది, పోద్ది. రిజర్వాయర్ మీద ఆ పావుగంటలో లేచే అలలు చిన్నవే, కానీ దగ్గర దగ్గరగా, నిటారుగా ఉంటాయి. పుట్టి మీద వల వేసేవాళ్ళు మబ్బు రంగు చూసే ఒడ్డుకొస్తారు. నాగార్జునకొండ లాంచీ గాలి ఎక్కువైందని ఆపేస్తే కౌంటర్ దగ్గర గొడవ పడేవాళ్ళని నేను చూశా. బాబూ, ఆ టికెట్ డబ్బులు వెనక్కి తీసుకుని రోడ్డు మీద ఒక టీ తాగండి.

సూర్యలంకలో కూడా అంతే. "అన్నా ఒక రౌండ్ లోపలికి తీసుకెళ్ళు, ఐదొందలిస్తాం" అని ఫ్రెండ్స్ గ్యాంగ్ అడిగినప్పుడు, ఆయన సంద్రం వైపు చూసి "ఇవ్వాళ వద్దు" అన్నాడనుకోండి, వెయ్యి చేయకండి. ఆయన ఆ వెయ్యికి ఒప్పుకుంటే అది ఇంకా ప్రమాదం.

స్క్రీన్ మీద నంబర్ వేస్తున్నా, సేవ్ చేసుకోండి: 1554. కోస్ట్‌గార్డ్ వాళ్ళది, టోల్ ఫ్రీ, సంద్రంలో ఎవరైనా ఆపదలో ఉన్నారని తెలిస్తే చేయడానికి. మీ ఇళ్ళల్లో 1977 దివిసీమ ఉప్పెన గానీ, 96 తుఫాను గానీ చూసినవాళ్ళుంటే, ఆ రోజు వాళ్ళకి కబురు ఎట్టా అందిందో, ఎన్ని గంటల ముందు అందిందో అడిగి కామెంట్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో అవి చదువుతా. ఉంటా మరి, బై.