పీహెచ్‌పీలో ఎక్స్‌ఎమ్‌ఎల్ ఎలిమెంట్‌కి అట్రిబ్యూట్ యాడ్ చేయడం ఎలా?

ఇవాళ్టి టాపిక్ చూడ్డానికి చిన్నదే: పీహెచ్‌పీలో సింపుల్ ఎక్స్‌ఎమ్‌ఎల్ వాడి ఒక ఎలిమెంట్‌కి అట్రిబ్యూట్ ఎలా పెట్టాలి? ఉదాహరణకి పాడ్‌కాస్ట్ ఫీడ్ తీసుకుందాం.

మీ ఫోన్‌లో పాడ్‌కాస్ట్ యాప్ ఓపెన్ చేస్తే కొత్త ఎపిసోడ్ కనిపిస్తుంది కదా, దాని వెనక ఉండేది ఆర్‌ఎస్‌ఎస్ అనే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్. ఒక్కో ఎపిసోడ్‌కి ఒక ఐటమ్, ఆ ఐటమ్ లోపల ఎన్‌క్లోజర్ అనే ఎలిమెంట్. ఈ ఎన్‌క్లోజర్‌లో టెక్స్ట్ ఏమీ ఉండదు. ఉన్నదంతా మూడు అట్రిబ్యూట్లే: యూఆర్‌ఎల్, లెంగ్త్, టైప్. లెంగ్త్ అంటే నిమిషాలు అనుకోకండి, ఫైల్ సైజ్ బైట్లలో. ఇవి సరిగ్గా లేకపోతే టైటిల్ వస్తుంది కానీ ప్లే చేయడానికి యాప్‌కి ఆడియో దొరకకపోవచ్చు.

ఇప్పుడు స్క్రీన్ మీద కోడ్ చూడండి. ఐటమ్ మీద యాడ్‌చైల్డ్ కాల్ చేశాం. అది కొత్తగా పుట్టిన ఎలిమెంట్‌ని రిటర్న్ చేస్తుంది. దాన్ని ఒక వేరియబుల్‌లో పట్టుకోండి, యాడ్అట్రిబ్యూట్ ఆ వేరియబుల్ మీదే కాల్ చేయండి. మొదట పేరు, తర్వాత వాల్యూ. అంతే.

పొరపాటున ఐటమ్ మీదే కాల్ చేస్తే అట్రిబ్యూట్ వెళ్లి ఐటమ్‌కి అంటుకుంటుంది. ఎర్రర్ రాదు, వార్నింగ్ కూడా రాదు. ఎక్స్‌ఎమ్‌ఎల్ రూల్స్ ప్రకారం అది కరెక్టే మరి! అందుకే ఈ తప్పు తొందరగా దొరకదు.

యాడ్అట్రిబ్యూట్ ఏమీ రిటర్న్ చేయదు. కాబట్టి దాని పక్కనే బాణం గుర్తు పెట్టి ఇంకో యాడ్అట్రిబ్యూట్ తగిలిస్తే కోడ్ ఆగిపోతుంది. మూడు అట్రిబ్యూట్లకి మూడు లైన్లు రాయండి.

ఆడియో మళ్లీ ఎడిట్ చేశారు, సైజ్ మారింది, లెంగ్త్ అప్‌డేట్ చేయాలి. మళ్లీ యాడ్అట్రిబ్యూట్ వాడితే "ఆల్రెడీ ఉంది" అని వార్నింగ్ వస్తుంది, పాత వాల్యూ అలాగే ఉంటుంది. పేరులోనే యాడ్ ఉంది కదా, అది మార్చదు. మార్చాలంటే అర్రేలో రాసినట్టు స్క్వేర్ బ్రాకెట్లలో లెంగ్త్ అని రాసి, ఈక్వల్ టు కొత్త వాల్యూ ఇవ్వండి. లేకపోతే క్రియేట్ అవుతుంది, ఉంటే మారుతుంది.

ఇంకో ముఖ్యమైన విషయం, యాంపర్‌సాండ్. యూఆర్‌ఎల్‌లో ఈ గుర్తు ఉంటే యాడ్అట్రిబ్యూట్ తనే ఎస్కేప్ చేస్తుంది. మీరు ముందే హెచ్‌టీఎమ్‌ఎల్ స్పెషల్ క్యారెక్టర్స్ ఫంక్షన్ వేశారో, రెండుసార్లు ఎస్కేప్ అయి లింక్ పాడవుతుంది. యాడ్‌చైల్డ్ మాత్రం యాంపర్‌సాండ్‌ని ఎస్కేప్ చేయదు. ఒకే క్లాస్‌లో రెండు మెథడ్లు, రెండు పద్ధతులు. గుర్తుపెట్టుకోండి.

చివరగా, పేరులో కోలన్ ఉంటే, ఉదాహరణకి ఎక్స్‌ఎమ్‌ఎల్ కోలన్ ల్యాంగ్, మూడో ఆర్గ్యుమెంట్‌గా నేమ్‌స్పేస్ యూఆర్‌ఐ ఇవ్వాలి. ఇవ్వకపోతే ముందు భాగం ఊడిపోయి ఉత్త ల్యాంగ్ మిగులుతుంది.

కోడ్ రన్ అయింది కదా అని వదిలేయకండి. యాజ్ఎక్స్‌ఎమ్‌ఎల్‌తో అవుట్‌పుట్ ప్రింట్ చేసి, అట్రిబ్యూట్ ఏ ట్యాగ్‌లో పడిందో ఒకసారి కళ్లారా చూడండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఇదే పని డామ్ డాక్యుమెంట్‌తో చేద్దాం. డౌట్స్ ఉంటే కామెంట్‌లో అడగండి. ఉంటాను మరి, బై!