మన బడి – మన పిల్లలు – మన మాట

(సాయంకాలం చదువుల కేంద్రంలో ఒక బడి టీచరమ్మ చేసిన ప్రసంగం)

అమ్మలారా, అక్కలారా, చెల్లెళ్లారా!



పగలంతా చేనులో వంగి పత్తి ఏరారు. ఇంటికొచ్చి వంట చేశారు. మళ్లీ పుస్తకం పట్టుకుని ఇక్కడికొచ్చి కూర్చున్నారు. అందుకే ఎక్కువసేపు మాట్లాడను. మూడే సంగతులు చెప్తాను. మన ఊరి ప్రాథమిక పాఠశాలలో మీ పిల్లలు రోజంతా ఏం చేస్తున్నారు? ఈ ఏడాది బడిలో ఏమేం జరిగాయి? వాళ్ల చదువుకు అడ్డం వస్తున్నది ఏమిటి?

ఇదంతా మీకెందుకు చెప్పాలి అంటారా? మీరిప్పుడు చదవడం నేర్చుకున్నారు. బడి గోడ మీద రాసింది మీరే చదవగలరు. పిల్లల నోటు పుస్తకం మీరే చూడగలరు. అందుకే చెప్తున్నాను.

బడిలో ఒక రోజు

పొద్దున గంట కొట్టగానే పిల్లలంతా వరసగా నిలబడతారు. ప్రార్థన అవుతుంది. తర్వాత ఒకరు పేపరు చూసి నాలుగు వార్తలు చదువుతారు. ఒకరు సామెత చెప్తారు. ఒకరు పొడుపుకథ వేస్తారు. రోజుకొకరి వంతు. ఒకటో తరగతి పిల్ల కూడా అందరి ముందు నిలబడి మాట్లాడాలి. మొదట్లో కొంగు చాటున దాక్కున్న పిల్లలే ఇప్పుడు "టీచర్, రేపు నా వంతు" అని అడుగుతున్నారు.

తర్వాత తెలుగు, లెక్కలు. మన చిన్నతనంలో అ, ఆ, ఇ, ఈ అంటూ నెలల తరబడి దిద్దించేవారు. ఇప్పుడు పద్ధతి మారింది. ముందు బొమ్మ చూపించి కథ చెప్తాం. కథలోంచి ఒక మాట తీస్తాం. మాటలోంచి అక్షరం తీస్తాం. లెక్కలు చింతగింజలతో, పుల్లలతో నేర్పుతాం. పది పుల్లలు కడితే ఒక కట్ట. కట్టలు పదులు, విడి పుల్లలు ఒకట్లు. పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది.

మూడో తరగతి దాటేలోపు ప్రతి పిల్లా చదివి అర్థం చేసుకోవాలి, కూడికలు తీసివేతలు చేయాలి. ఇందుకోసమే 2021లో దేశమంతటా నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలైంది. మన తెలంగాణలో 2022లో 'తొలిమెట్టు' పేరుతో మొదలుపెట్టారు. మెట్లలో మొదటిది సరిగ్గా ఎక్కకపోతే పై మెట్టు ఎక్కలేం కదా!

మీ పిల్ల ఆ మెట్టు ఎక్కిందో లేదో మీరే చూసుకోవచ్చు. పాఠ్యపుస్తకంలో ఏదో ఒక పేజీ తీసి చదవమనండి. గబగబా అప్పజెప్పితే నమ్మకండి. మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి "ఇదేమిటి?" అని అడగండి. చదివాక "ఇందులో ఏం చెప్పారు?" అని అడగండి. తన మాటల్లో చెప్తే చదువు వచ్చినట్టు. చెప్పలేకపోతే కొట్టకండి, తిట్టకండి. బడికి వచ్చి మాకు చెప్పండి.

మధ్యాహ్నం బువ్వ

మధ్యాహ్నం బడిలోనే భోజనం. ఇది ఎవరో దయతలచి పెట్టేది కాదు. పిల్లల హక్కు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు సర్కారు బడుల్లో వండిన అన్నమే పెట్టాలని ఆదేశించింది. అంతకుముందు పిల్లలకు బియ్యం ఇచ్చి పంపేవారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి బడిలో వండి పెట్టడం మొదలైంది.

లెక్క కూడా గుర్తు పెట్టుకోండి. ప్రాథమిక పాఠశాల పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఏ రోజు ఏం వండాలో, గుడ్డు ఏ రోజుల్లో పెట్టాలో మన బడి గోడ మీద రాసి ఉంది. బడి ముందు నుంచి పోయేటప్పుడు ఒక్క నిమిషం ఆగి చదవండి. ఇంటికొచ్చాక పిల్లను అడగండి. "ఈ రోజు గుడ్డు పెట్టారా? సాంబారు చిక్కగా ఉందా?" వంట చేసేది కూడా మన అక్కలే. వాళ్లతో పోట్లాడమని కాదు. బిల్లులు ఆలస్యమైతే వాళ్లూ అప్పు చేసి సరుకులు తెస్తారు. ఆ ఇబ్బంది కూడా మనం తెలుసుకోవాలి. అందరం కలిసి పైవాళ్లను అడగాలి.

నులిపురుగుల మాత్ర

ఆగస్టులో పిల్లలకు నులిపురుగుల మాత్రలు వేశాం. ఆ రోజు కొందరు తల్లులు భయపడి పిల్లలను బడికి పంపలేదు. "మాత్ర వేస్తే కడుపులో నొప్పి వస్తుందట" అన్నారు. ఈ సంగతి వివరంగా చెప్పుకోవాలి.

నులిపురుగుల గుడ్లు మలంతో పాటు మట్టిలో కలుస్తాయి. పిల్లలు మట్టిలో ఆడి, చేతులు కడగకుండా తింటే కడుపులోకి పోతాయి. కొంకిపురుగు ఇంకోరకం. దాని పిల్లపురుగు మట్టిలో ఉండి, చెప్పులు లేని కాలి చర్మంలోంచి లోపలికి పోతుంది. పేగుకు పట్టుకుని రక్తం పీలుస్తుంది. పిల్ల పాలిపోతుంది. ఆయాసపడుతుంది. పాఠం చెప్తుంటే కునుకుతుంది. మనం "మొద్దు పిల్ల" అంటాం. పిల్ల మొద్దు కాదు. ఒంట్లో రక్తం లేదు.

అందుకే ఏటా ఫిబ్రవరిలో, ఆగస్టులో అల్బెండజోల్ మాత్ర ఇస్తున్నారు. దేశంలో ఈ కార్యక్రమం 2015లో మొదలైంది. మాత్ర బాగా నమిలి మింగాలి. కడుపులో పురుగులు ఎక్కువగా ఉన్న పిల్లలకు కాసేపు కడుపు నొప్పి, వికారం రావచ్చు. కొంచెంసేపటికి తగ్గిపోతుంది. తగ్గకపోతే ఆశా అక్కకు గాని, ఏఎన్ఎమ్‌కు గాని చెప్పాలి. జ్వరంతో ఉన్న పిల్లకు ఆ రోజు వేయరు. తగ్గాక వేస్తారు. మాత్ర ఒక్కటే చాలదు. మరుగుదొడ్డి వాడాలి. సబ్బుతో చేతులు కడగాలి. కాళ్లకు చెప్పులు వేయాలి. మళ్లీ ఫిబ్రవరి వస్తోంది. ఆ రోజు ఒక్క పిల్ల కూడా మానొద్దు.

పండుగలూ పాఠాలే

దసరా సెలవులకు ముందు బడిలో బతుకమ్మ ఆడాం. పిల్లలు తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలు తెచ్చారు. ఏ పువ్వు ఎక్కడ పూస్తుంది, దేనికి ఎన్ని రెక్కలు అని రాయించాం. పండుగా అయింది, పాఠమూ అయింది.

నవంబరు 14న స్వపరిపాలన దినం. ఆ రోజు పిల్లలే టీచర్లు. ఒక అయిదో తరగతి పిల్ల తల్లి చీర కట్టుకుని, చేతిలో చాక్‌పీసు పట్టుకుని రెండో తరగతికి లెక్కలు చెప్పింది. ఒక్కరినీ కొట్టలేదు. "అర్థమైందా? మళ్లీ చెప్పనా?" అని అడిగింది. ఆ పిల్ల తల్లి ఇప్పుడు ఇక్కడే కూర్చుని ఉంది.

మొన్న జనవరి 3న సావిత్రీబాయి ఫూలే పుట్టినరోజు జరిపాం. ఆమె 1831లో మహారాష్ట్రలో పుట్టింది. చిన్నప్పుడే పెళ్లయింది. పెళ్లయ్యాక భర్త జ్యోతిరావు దగ్గర చదువు నేర్చుకుంది. 1848లో పుణేలో ఆడపిల్లల కోసం బడి మొదలుపెట్టి పాఠాలు చెప్పింది. దారిలో జనం ఆమె మీద బురద, పేడ విసిరేవారు. ఆమె బడికి పోయాక కట్టుకోవడానికి ఇంకో చీర వెంట తీసుకుపోయేదని చెప్తారు. పెద్దయ్యాక చదువేంటి అని ఎవరైనా మిమ్మల్ని నవ్వితే, ఈ కథ చెప్పండి.

పత్తి చేను, ఖాళీ బెంచీ

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. కష్టమైన మాటే, అయినా చెప్పాలి.

దసరా తర్వాత బడి తెరిచాక హాజరు పట్టీలో చాలా పేర్లకు ఎదురుగా 'రా' అని రాయాల్సి వచ్చింది. అందులో ఎక్కువ పేర్లు ఆడపిల్లలవి. కొందరు తల్లితో పత్తి ఏరడానికి పోయారు. కొందరు ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకుని కూర్చున్నారు.

మీ బాధ నాకు తెలుసు. పత్తికి కిలో లెక్కన కూలి. పిల్ల కూడా నాలుగు కిలోలు ఏరితే సాయంత్రం ఉప్పూ పప్పూ వస్తాయి. వాన పడితే పత్తి తడిసి నల్లబడుతుంది. రైతు తొందరపెడతాడు. ఇదంతా నిజమే. కానీ ఇంకో లెక్క కూడా చూద్దాం.

చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాల ఏడాదికి కనీసం 200 రోజులు నడవాలి. పత్తికి, తర్వాత మిరపకు కలిపి పిల్ల 40 రోజులు మానిందనుకోండి. 200లో 40 అంటే అయిదు రోజులకు ఒక రోజు పోయినట్టు. అయిదేళ్లు ఇలాగే మానితే ఒక ఏడాది చదువంతా పోయినట్టే. పేరుకు అయిదో తరగతి పాసైనా చదువు నాలుగో తరగతిదే.

నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉంది. దసరాకు ముందు గుణకారం నోటితో చేసేది. పత్తి రోజులు అయిపోయాక వచ్చింది. అప్పటికి మిగతా పిల్లలు భాగహారంలోకి వెళ్లారు. ఆ పిల్ల వెనక బెంచీలో కూర్చుంది. అడిగితే తల దించుకుంది. రెండు రోజులు అలాగే కూర్చుంది. మూడో రోజు రాలేదు. ఆడపిల్ల చదువు మానేది ఒక్క రోజులో కాదు. ఇలాగే, కొంచెం కొంచెంగా.

ఆమె ఇంటికి వెళ్లాం. తల్లి ఏడ్చింది. "చిన్నోణ్ణి ఎవరు చూస్తారు టీచరమ్మా?" అంది. పక్కింటి అక్కలు నలుగురు వచ్చారు. అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. మూడేళ్లు నిండిన పిల్లలను అంగన్‌వాడీకి పంపాలని అనుకున్నారు. అంతకంటే చిన్న పిల్లలను చూడటానికి పనికి పోలేని ఒక ముసలవ్వ ఒప్పుకుంది. పనికిపోయే తల్లులు తలా కొంత ఆమెకు ఇస్తున్నారు. ఆ పిల్ల మళ్లీ బడికి వస్తోంది. సాయంత్రం అరగంట కూర్చోబెట్టి భాగహారం చెప్తున్నాను. అందరూ వచ్చారని అనను. ఇద్దరు పిల్లలు ఇంకా రావడం లేదు. వాళ్ల తల్లులు కూడా ఇక్కడ ఉన్నారు. నేను వాళ్లను తప్పు పట్టడం లేదు. మీరందరూ వాళ్లతో మాట్లాడండి, వాళ్లకు ఏం కావాలో అడగండి. మిరప కోతలు రాకముందే ఈ పని కావాలి.

మీ చేతిలో ఉన్న పని

2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత చదువు హక్కు. ఆ చట్టం ప్రకారం బడికి ఒక కమిటీ ఉండాలి. కమిటీలో నలుగురిలో ముగ్గురు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మన రాష్ట్రంలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా ఏర్పడ్డాయి. వాటిని మహిళా సంఘాలతోనే ఏర్పాటు చేశారు.

కమిటీలో పేరు ఉంటే చాలదు. మీటింగుకు రావాలి. పుస్తకంలో తీర్మానం రాసి "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అంటే, ముందు చదవండి. అర్థం కాకపోతే మళ్లీ చదివించుకోండి. తర్వాతే సంతకం. వేలిముద్ర రోజుల్లో ఏం రాశారో మనకు తెలిసేది కాదు. ఇప్పుడు తెలుసుకోవచ్చు.

నీళ్లు రాకపోతే అడగండి. మరుగుదొడ్డికి తలుపు లేకపోతే అడగండి. టీచరు రాకపోతే అడగండి. నేను రాకపోయినా అడగండి. అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదంటారు. బడి కూడా అంతే.

రేపు పొద్దున పిల్లను బడికి పంపేటప్పుడు మీరూ గేటు దాకా రండి. గోడ మీద ఏం రాసి ఉందో చదవండి. లోపలికి రండి, మీకు బెంచీ వేస్తాం.



చదివి చర్చించండి

1. మీ బడి గోడ మీద ఈ వారం భోజనం గురించి ఏం రాసి ఉంది?
2. నులిపురుగులు పిల్లల ఒంట్లోకి ఎలా పోతాయి?
3. మీ వాడలో బడి మానిన పిల్లలు ఎవరు? ఎందుకు మానారు? వాళ్ల తల్లికి మీరు ఏం సాయం చేయగలరు?
4. ఏడాదికి 200 రోజుల బడి. మీ పిల్ల ఈ ఏడాది ఎన్ని రోజులు మానింది? లెక్క రాయండి.