బంగారాన్ని పట్టిన వాయువు – మన ప్రాంతపు శాస్త్రవేత్త లెక్క
(ముదినేపల్లిలో జరిగిన పింఛనుదార్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి పెద్దలు చెప్పారు. జీవితమంతా ఫైళ్ళు చూసిన గుమాస్తాను. నేను సైన్సు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. మా మనుమరాలి ఎమ్మెస్సీ పాఠాలలో మన ప్రాంతం వారి పేరు కనబడడమే ఇందుకు కారణం.

ఆచార్య సూరి భగవంతం గారు 1909లో నాటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. 1928లో కలకత్తాలో సర్ సి.వి. రామన్ గారి వద్ద చేరారు. తరువాత వాల్తేరులో ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో ఆచార్యులైనారు. అణువులో ఎన్ని కంపనాలుంటాయో, వాటిలో ఏవి రామన్ వర్ణపటంలో, ఏవి పరారుణ వర్ణపటంలో కనబడతాయో లెక్కగట్టే పద్ధతిని టి. వెంకటరాయుడు గారితో కలిసి గ్రంథంగా వ్రాశారు. అది 1948లో వెలువడింది.

ఆ లెక్క ఎందుకు పనికివస్తుందో చూడండి. కార్బన్ మోనాక్సైడ్ అణువు వీణ తీగ వంటిది. ఒంటరిగా ఉంటే దాని శ్రుతి 2143. సెంటీమీటరుకు అన్ని తరంగాలన్నమాట. ఈ వాయువును 1868లో ఫ్రాన్సులో షుట్జెన్‌బర్గర్ ప్లాటినంతో కలిపారు. 1890లో వెల్లడైన నికెల్ కార్బనిల్‌లో లోహం తన ఎలక్ట్రానులు కొన్ని వాయువుకు ఇస్తుంది. తీగ వదులై శ్రుతి 2060 దాపుకు దిగుతుంది.

బంగారం మాత్రం లోభి. 1992లో విల్నర్, ఆబ్కె బృందం అతి తీవ్రమైన ఆమ్లాలలో తయారుచేసిన పదార్థంలో, బంగారు అయానుకు రెండు ప్రక్కలా ఒక్కొక్క అణువు నిలిచింది. శ్రుతి తగ్గలేదు సరికదా, పరారుణంలో 2217, రామన్‌లో 2254 వచ్చింది. ఒకదానిలోని గీత రెండవదానిలో లేదు. బంగారం సరిగ్గా నడుమ ఉండి, రెండు వైపులా సమానంగా ఉంటేనే ఇట్లా జరుగుతుందని ఆ లెక్క చెబుతుంది.

ఇక మన ఇంటి సంగతి. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని ఇనుమును ప్రాణవాయువు కంటె సుమారు 200 రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. కనుక చలికాలంలో తలుపులు బిగించి, గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. కరెంటు పోయినప్పుడు జనరేటరును కిటికీ ప్రక్కన నడపవద్దు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతులు వస్తే అజీర్ణమని సరిపెట్టుకోకండి. ముందు బయటిగాలిలోకి తీసుకువచ్చి, వెంటనే ఆసుపత్రికి చేర్చండి.

భగవంతం గారు 1989లో కీర్తిశేషులైనారు. వారి పేరు మన పాఠశాలల పిల్లలకు తెలియజేసే బాధ్యత మన సంఘం స్వీకరించాలని కోరుతున్నాను.