ఆటలు ఆడుట, ఆటలు చేయుట

(మన సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



కంప్యూటరు ఆటల ప్రోగ్రాములు నేర్చుకొనగోరు పిల్లలకు ఏవి సాయపడునో చెప్పుమని కార్యదర్శిగారు కోరినపుడు మేము వెనుకాడినాము. రైల్వేలో గుమాస్తా పని చేయుచున్నాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగిసినది. "మీరు పడిన తిప్పలు చెప్పండి, అది చాలు" అన్నారు వారు. తిప్పలకు కొదువ లేదు గనుక ఒప్పుకొన్నాము.

కృష్ణగిరిలో మా అక్కగారి కుమారుడున్నాడు. వయసు 16. (కృష్ణగిరికి నేడు రైలు లేదు. తిరుపత్తూరునుండి 1905లో వేసిన చిన్న లైను 1941లో మూతపడినది. కాబట్టి రైల్వేవారమయ్యును మేము హోసూరునుండి శూలగిరి మీదుగా బస్సులోనే పోయి వచ్చుచుందుము.) తెల్లవార్లు ఫోనులో ఆటలాడి ఆడి, తుదకు తానే ఆటలు తయారు చేయుదునని పట్టుపట్టినాడు. మా బావగారు ఒక శిక్షణ సంస్థలో చేర్చినారు. పేరు చెప్పుట మర్యాద కాదు. రుసుము 40,000 రూపాయలు. అక్కగారి గాజులు కుదువకు పోయినవి. మూడు నెలలు ఎవరో చేసిన డ్రాగను బొమ్మకు రెక్కలు ఆడించుట చూపించినారు. ఒక బంతిని గోడకు కొట్టి తిరిగి వచ్చునట్లు చేయుమన్న మావాడికి చేతకాలేదు. అక్కడ చూపిన పాఠములలో చాలా భాగము యూట్యూబులో ఊరక దొరకునవేనని తరువాత తెలిసినది. డబ్బు పోయినందుకన్న, వాడు దుప్పటి కప్పుకొని పడుకొని "నాకు బుర్ర లేదు మామయ్యా" అన్నందుకు మాకు బాధ కలిగినది.

అప్పుడు మేమిద్దరము వెదకుట మొదలుపెట్టినాము. కొరత ఎక్కడా లేదు. ఉన్న చిక్కంతయు ఎక్కువగుటయే. దేశములోని రైళ్లన్నియు ఉన్న టైంటేబులు పుస్తకమును చేతికిచ్చినచో ప్రయాణికుడేమి చేయును? వానికి కావలసినది ఒక్క బండి. మేము ఎక్కి చూచిన బండ్ల సంగతి మాత్రమే చెప్పెదము.

పదేండ్ల పిల్లలకు స్క్రాచ్ మేలు. అమెరికాలోని ఎం.ఐ.టి. వారు 2007లో బయటపెట్టినారు. టైపు చేయు పని లేదు. రంగురంగుల దిమ్మలను ఒకదాని క్రింద ఒకటి తగిలించినచో ప్రోగ్రామగును. వెల లేదు. ఒకసారి దించుకొన్న పిదప ఇంటర్నెట్ లేకున్నను నడచును. మా అమ్మాయి రెండు ఆదివారములలో మామిడికాయలు రాలుచుండగా బుట్టతో పట్టు ఆట చేసినది. మావాడు "ఇది చిన్నపిల్లలది" అని మూతి ముడిచినాడు గాని, కాయ బుట్టకు తగిలినదని యంత్రమునకు ఎట్లు తెలియునో ఆ మరదలి దగ్గరనే అడిగి తెలిసికొన్నాడు.

పెద్ద పిల్లలకు పైథాన్. గైడో వాన్ రోసమ్ అను ఆయన 1991లో వెలువరించిన భాష ఇది. దానికి తోడు బొమ్మలు, చప్పుళ్లు, మీటల సంగతి చూచుకొను పైగేమ్ 2000 సంవత్సరమునుండి ఉన్నది. రెండును ఉచితములే. ఆల్ స్వైగార్ట్ అనునాయన "ఇన్వెంట్ యువర్ ఓన్ కంప్యూటర్ గేమ్స్ విత్ పైథాన్" అను పుస్తకము వ్రాసి, ఇంటర్నెట్‌లో అందరు ఊరక చదువుకొనుటకు పెట్టినారు. యంత్రము తలచుకొన్న అంకెను మనము ఊహించుట మొదటి ఆటలలో ఒకటి. పది పదిహేను వరుసలతో ఆట పూర్తియగును. పూర్తియగుట ముఖ్యము. డ్రాగను మూడు నెలలకు పూర్తి కాలేదు. ఈ అంకెల ఆట ఒక సాయంత్రముతో ముగిసి, మా అక్కగారు కూడ ఆడినారు. ఆ రాత్రి వాడు దుప్పటి కప్పుకొనలేదు.

ఇంగ్లీషు చిక్కును దాచము. మేము రైల్వే సర్క్యులర్ల ఇంగ్లీషుకు అలవాటు పడినవారము గనుక వాక్యము వాక్యము చదివి తెలుగులో చెప్పినాము. వాడు టైపు చేసినాడు. ఇంట్లో చదివి చెప్పువారు లేనివారికి బొంబాయి ఐ.ఐ.టి. వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠములున్నవి. కొన్ని విషయములకు తెలుగు మాటలు కూడ జోడించినారు. ఈ రోజులలో అడిగినదానికి జవాబు చెప్పు యంత్రములును వచ్చినవి గదా. మావాడు ఒకనాడు దానిచేత ఆట మొత్తము వ్రాయించి తెచ్చినాడు. ఆట నడచినది. రంగు మార్చుమన్న ఎక్కడ మార్చవలెనో తెలియదు. అప్పటినుండి తప్పు ఎందుకు వచ్చినదో మాత్రమే దానిని అడుగవలెనని కట్టడి చేసికొన్నాము.

ఇక ఏ ఆట చేయవలెను? వాడు యుద్ధము అన్నాడు, విమానములన్నాడు. పక్క గదిలో మా అమ్మగారు నేలమీద సుద్దతో గీసి మనుమరాలితో పులిమేక ఆడుచున్నారు. మూడు పులులు, పదిహేను మేకలు, 23 స్థానములు. గుళ్ల మండపములలో, రచ్చబండలమీద మన పెద్దలు చెక్కుకొన్న ఆట. బొమ్మలు కొనవలసిన పని లేదు, నియమములు వాడికి చిన్ననాటినుండి తెలుసు. దానినే పట్టుకొన్నాము.

ముందు యంత్రమును ముట్టలేదు. కాగితముమీద గీసి స్థానములకు 1నుండి 23వరకు అంకెలు వేసినాము. ఒక్కొక్క అంకెకు ఎదురుగా అక్కడనుండి ఏయే స్థానములకు గీత ఉన్నదో వ్రాసినాము. స్టేషనుకు స్టేషనుకు నడుమ లైను వ్రాసినట్లే. మేక మీదుగా పులి దూకవలెనన్న మూడు స్థానములు ఒకే గీతపైనుండి, మూడవది ఖాళీగా ఉండవలెను. అట్టి మూడేసి అంకెలకు వేరొక పట్టిక. ఈ రెండు పట్టికలు సరియైనచో సగము ఆట అయినట్లే. తక్కినది, ఆడువారు ఏ స్థానము తాకినారో వినుట, నియమము చూచి పట్టికలో మార్చుట, తెరమీద తిరిగి గీయుట. ఏ ఆటయైనను ఈ మూడు పనులనే తిరిగి తిరిగి చేయునట. వేగపు ఆటలలో సెకనుకు 60 మారులు.

మా పట్టికలో ఒక అంకె తప్పినది. గీత లేని దారిన పులి దూకి మేకను మింగినది. అమ్మగారు చూచి "ఇది దొంగ పులి" అన్నారు. ఎక్కడ తప్పినదో నాలుగు రాత్రులు చూచినాము. కడకు వాడే ఒక ఉపాయము పన్నినాడు: 7నుండి 8కి దారి ఉన్నచో 8నుండి 7కును ఉండవలెను గదా, లేని చోటెల్ల చూపుమని అయిదు వరుసల ప్రోగ్రాము వ్రాసినాడు. తప్పు బయటపడినది. ఆ 40,000 రూపాయల చదువులో తప్పు వెదకుట అను పాఠమే లేదు.

తరువాతి చిక్కు మనసుకు తగిలినది. తమిళనాడులో 2006 నాటి చట్టము ప్రకారము తమిళము పాఠమగుట తరగతి తరువాత తరగతిగా పదవ తరగతివరకు వచ్చినది. తమిళము నేర్చుట మంచిదే, ఉన్న ఊరి భాష. కాని మావాడికి తెలుగు మాటయే గాని అక్షరములు రావు. ఆట చివర "పులి చిక్కినది" అని తెలుగులో ఉండవలెనని అమ్మగారి కోరిక. పైగేమ్‌లో మామూలుగా వ్రాయించగా కకారము క్రింద ఉండవలసిన వత్తు విడిపోయి, పొల్లు కకారమొకటి, దాని పక్కన కకారమొకటి పడినవి. వాడికి తప్పని తెలియలేదు, మేము నవ్వినాము. "ఎట్లుండవలెను?" అని అడిగి, ఆ రాత్రి వత్తులు వ్రాయుట నేర్చినాడు.

అందుకొరకే గోడో అను సాధనమునకు మారినాము. అర్జెంటీనా దేశస్థులు చేసి 2014లో లోకమునకు విడిచిపెట్టినది. 2023లో వచ్చిన నాలుగవ రూపము మన వత్తులను, గుణింతములను సరిగా కూర్చును. దాని సొంత పత్రములలో మొదటి ఆట చేయు పాఠము వరుసగా ఉన్నది. అదొక్కటి ముగించిన చాలు. యూనిటీ కూడ గొప్పదే, ఎక్కువమంది వాడునదే. కాని ఆ కంపెనీవారు 2023లో ఆట దించుకొన్న లెక్కన క్రొత్త రుసుము ప్రకటించి, గొడవ కాగా 2024లో రద్దు చేసినారు. గాజులు కుదువపెట్టిన ఇంటివారము, మాకు గోడో నయమనిపించినది. బొమ్మలు గీయ చేతకానివారికి కెన్నీ అను ఆయన వేలకొలది బొమ్మలను ఎవరైనను వాడుకొనుడని ఉచితముగా పెట్టినారు. ప్రోగ్రాము పెరిగి చిక్కుపడిన పిదప రాబర్ట్ నిస్ట్రమ్ గారి "గేమ్ ప్రోగ్రామింగ్ ప్యాటర్న్స్" చదువవచ్చును. అదియు ఇంటర్నెట్‌లో ఊరకనే చదువుకొనవచ్చును గాని, మొదటి ఏడాది వద్దు. మేము తెరచి వెంటనే మూసినాము.

మా పులికి ఇంకను తెలివి చాలదు. చంపగలిగినచో చంపును, లేకున్న ఎటో ఒకవైపు పోవును. అమ్మగారు దానిని వరుసగా ఆరుమారులు కట్టివేసినారు. నేపాలువారి పులిమేకలో, అనగా నాలుగు పులులు, ఇరువది మేకల ఆటలో, ఇరుపక్షములు తప్పు లేకుండ ఆడినచో ఎవరును గెలువరని 2009లో ఇద్దరు పండితులు కంప్యూటరుతో లెక్కించి ప్రకటించినారు. ఆ సంగతి విన్ననాటినుండి మావాడు మన ఆటకును లెక్క తేల్చవలెనని కూర్చున్నాడు. బావగారు "పరీక్షలు ముందు" అనుచున్నారు; ఆయన మాటయు కాదనలేము.

ఒక సాయము కోరుచున్నాము. పులి ఎన్ని మేకలను తిన్న గెలుపు? అమ్మగారు అయిదు అందురు, బావగారి తల్లిగారు ఆరు అందురు. మేకలన్నియు దిగకముందు దిగిన మేకను కదపవచ్చునా అన్నచోటను తగవే. ఈ సభలో చిత్తూరు, అనంతపురము, నెల్లూరు, శ్రీకాకుళమునుండి వచ్చినవారున్నారు. మొదటినుండి ఇచ్చటనే ఉన్నవారును ఉన్నారు. మీ ఊరి నియమమును ఊరి పేరుతో చీటిమీద వ్రాసి, భోజనముల దగ్గర మా అమ్మాయి చేతిలోని పెట్టెలో వేయండి. ఆటలో ఊరిని ఎన్నుకొను మీట పెట్టినాడు మావాడు. ప్రస్తుతము దానిలో రెండు ఊళ్లే ఉన్నవి.