బేలుకు రెండు రూపాయలు పిల్లల కోసం

(మండల రైతు సంఘం సమావేశంలో కమిటీ తరఫున చేసిన ప్రసంగం పాఠం)



గిట్టుబాటు ధర గురించి, బ్యారన్ లైసెన్సుల గురించి, కౌలు రైతుల కష్టాల గురించి పెద్దలు మాట్లాడారు. కమిటీ తరఫున మేం ఇంకొక్క విషయం మీ ముందు పెడతాం. మన ఊళ్లలో పిల్లలకు సిగరెట్టు, బీడీ, గుట్కా అందకుండా ఏం చేయాలి? దానికయ్యే ఖర్చు ఎవరు పెట్టాలి?

ప్రకాశం జిల్లా పొగాకు రైతులు ఈ మాట మాట్లాడటమేంటని నవ్వేవాళ్లు ఉంటారు. నవ్వనివ్వండి. ఈ మెట్ట నేలల్లో నీళ్లు లేక, వేరే పంటకు ధర నమ్మకం లేక పొగాకు వేస్తున్నాం. దాన్ని దాచుకోం. కానీ పంట మనదని, మన పిల్లాడు ఏడో తరగతిలో సిగరెట్టు ముట్టిస్తే సంతోషించే తండ్రి ఈ సభలో ఒక్కడైనా ఉన్నాడా?

కొందరు రైతులకు ఇంకో భయం ఉంది. "మన కొమ్మ మనమే నరుక్కుంటున్నామా?" అని అడుగుతున్నారు. ఆలోచించండి. ఎంత పంట వేయాలో ఏటా పొగాకు బోర్డు నిర్ణయిస్తుంది. మన వర్జీనియా ఆకులో పెద్ద భాగం విదేశాలకు పోతుంది. వేలంలో రేటు లేచినా పడినా ఎగుమతి ఆర్డర్లను బట్టి, పంట ఎక్కువ తక్కువలను బట్టి, కొనేవాళ్లు కుమ్మక్కవడాన్ని బట్టి. బడి పక్కన బడ్డీ కొట్టులో పిల్లాడు కొన్న ఒక్క సిగరెట్టు వల్ల మన బేలుకు పైసా పెరగదు. ఆ పిల్లాడికి జబ్బు చేస్తే ఆసుపత్రి ఖర్చుకు అప్పు చేసేది మాత్రం మనమే.

2019లో దేశమంతా బడి పిల్లల మీద సర్వే చేశారు. 13 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలింది. సిగరెట్టు తాగిన పిల్లల్లో 38 శాతం మంది పదో పుట్టినరోజు రాకముందే మొదలుపెట్టారు. పదేళ్లంటే నాలుగో తరగతి, ఐదో తరగతి. ఆ వయసు పిల్లాడికి ఎవరో అమ్మారు, లేకపోతే ఎవరో చేతికిచ్చారు.

చట్టం లేక కాదు. 2003 చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లకు పొగాకు అమ్మకూడదు. బడికి వంద గజాల లోపల, అంటే 300 అడుగుల లోపల, అసలు అమ్మకూడదు. తప్పు చేస్తే 200 రూపాయల వరకు జరిమానా. 18 లోపు పిల్లల చేత అమ్మించడం కూడా తప్పే. 2015 బాలల న్యాయ చట్టం ఇంకా గట్టిది. పిల్లలకు పొగాకు ఇచ్చినవాళ్లకు ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఈ సంగతి మన బడ్డీ కొట్టు వాళ్లలో ఎంతమందికి చెప్పాం?

లూజు సిగరెట్ల సంగతి చూడండి. పెట్టె మీద 85 శాతం మేర బొమ్మతో కూడిన హెచ్చరిక వేయాలని 2016 నుంచి నియమం. పిల్లాడి దగ్గర పెట్టె కొనే డబ్బుండదు. ఒకటి కొంటాడు. ఆ బొమ్మ వాడి కంట పడదు.

మన తప్పు కూడా ఒప్పుకుందాం. "ఒరేయ్, కొట్టుకు పోయి రెండు సిగరెట్లు పట్రా" అని మనమే పంపిస్తాం. చిల్లర మిగిలితే ఉంచుకోమంటాం. కొట్టతనికి ఆ పిల్లాడు తండ్రికి కొంటున్నాడో తనకు కొంటున్నాడో ఎట్లా తెలుస్తుంది? ఆకు రెలిచే రోజుల్లో బడి మానిపించి తడి ఆకు కర్రలకు కట్టిస్తాం. ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోయి వాంతులు, తల తిరగడం వస్తాయి. మన పిల్లలకు పొగాకు మొదట అందేది ఒక్కోసారి మన బ్యారన్ దగ్గరే.

ఇక డబ్బు సంగతి. ఇందుకు లక్షలు అక్కర్లేదు. బడి చుట్టూ వంద గజాలకు పసుపు గీత, గేటు దగ్గర ఒక బోర్డు, ప్రతి కొట్టుకూ ఒక బోర్డు, కొట్ల వాళ్లతో ఏడాదికి రెండు సమావేశాలు, పిల్లలకు ఒక పూట ఆటల పోటీలు. లెక్క వేయండి. బ్యారన్‌కు ముప్పై బేళ్లు అనుకుందాం. బేలుకు రెండు రూపాయలు తీస్తే బ్యారన్‌కు 60 రూపాయలు. వంద బ్యారన్లున్న ఊరికి 6 వేలు. మొదటి ఏడాది రంగుకు, బోర్డులకు అవి సరిపోతాయి.

మిగతాది మనం కట్టిన పన్నుల్లోంచి అడిగి తెచ్చుకోవాలి. ఆర్థిక సంఘం గ్రాంట్లలో షరతులు లేని భాగాన్ని ఊరి అవసరాలకు వాడుకోవచ్చు. పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో బాలల స్నేహపూర్వక పంచాయతీ అనేది ఒక అంశం. గ్రామసభలో చేయెత్తి దాని కింద ఈ పని రాయించాలి. 2007-08లో మొదలైన జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమం కింద జిల్లాల్లో బడుల్లో అవగాహనకు నిధులున్నాయి. మన బడి పేరు ఆ జాబితాలో ఉందా అని హెడ్మాస్టరు గారితో కలిసి వెళ్లి అడగాలి.

కొట్టు నడిపేవాళ్లు చాలామంది మనలాంటి పేదవాళ్లే. భర్త పోయిన అక్క ఉంటుంది, కాలు లేని తమ్ముడు ఉంటాడు. వాళ్ల మీదకు పోలీసులను తోలడం మొదటి పని కాకూడదు. కొట్టును గీత అవతలికి జరుపుకోవడానికి, వేరుశనగ పట్టీలు, పెన్నులు, పుస్తకాలు పెట్టుకోవడానికి డ్వాక్రా గ్రూపు ద్వారా చేతి అప్పు ఇప్పిద్దాం. అన్నీ చెప్పాక కూడా పిల్లలకు అమ్మితే అప్పుడు ఫిర్యాదు చేద్దాం.

కమిటీలో ఒక మాట వచ్చింది. కంపెనీలను అడిగితే ఇంతకు పదింతలు ఇస్తాయి కదా అని. వద్దన్నాం. వేలంలో కిలోకు రూపాయి కోసం పోట్లాడేది వాళ్లతోనే. పొద్దున వాళ్ల దగ్గర విరాళం తీసుకుని మధ్యాహ్నం ధర అడగలేం. పాత కొనుగోలుదారులు చనిపోతుంటే కొత్తవాళ్లు కావలసిన వ్యాపారం అది. పిల్లలను కాపాడే పనికి ఆ డబ్బు పనికిరాదు. మన దేశం 2004లో ఆమోదించిన అంతర్జాతీయ ఒప్పందం కూడా పొగాకు నియంత్రణ విధానాల్లో కంపెనీల చెయ్యి పడకుండా చూసుకోమంటుంది. అదే ఒప్పందం పొగాకు రైతులకు వేరే బతుకుదెరువు చూపించాలనీ అంటుంది. ఆ మాటను ప్రభుత్వానికి గుర్తుచేసే హక్కు పిల్లల కోసం నిలబడిన సంఘానికి ఇంకా గట్టిగా ఉంటుంది.

కాబట్టి మూడు తీర్మానాలు మీ ముందు పెడుతున్నాం. ఒకటి, ఈ వేలం సీజను నుంచి బేలుకు రెండు రూపాయలు, ఇష్టమైన సభ్యుల నుంచి, రసీదుతో, లెక్క ఈ పత్రికలోనే వేస్తూ. రెండు, వచ్చే గ్రామసభలో ప్రతి ఊరి నుంచీ అర్జీ. మూడు, సంఘ సభ్యుల ఇళ్లలో ఏ పిల్లాణ్నీ సిగరెట్టుకు కొట్టుకు పంపం, తడి ఆకు ముట్టనివ్వం.

మూడోదానికి పైసా ఖర్చు లేదు. దాన్ని ఈ రాత్రి ఇంటికి పోగానే మొదలుపెడదాం. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి.

రైతుల ఐక్యత వర్ధిల్లాలి.